బరువెక్కితే ఆపాలి

1894 వేసవి. మరమ్మతుల కోసం కాలువలకు నీళ్లు కట్టేశారు. తణుకు దగ్గర లాకులో పుచ్చిపోయిన టేకు తలుపును ఎత్తి బయటికి తీయాలి. కళాసీల మేస్త్రినైన నాకు దొర పన్నెండు మందిని అప్పగించి, బరువులెత్తే పని నేర్పమన్నాడు. అందరూ మొగల్తూరు వైపు నుంచి వచ్చిన, వలలు లాగే మావాళ్లే.

క్రేను అంటే అప్పట్లో మాకు మూడు దూలాలు, పైన కప్పీ, అంటే గిలకల దిమ్మ, దానిలోంచి వచ్చే మోకు. వారం తిరక్కుండా పని పట్టేశారు. ముడులైతే నాకే నేర్పేటట్టున్నారు. వీళ్లకు తాడు గురించి చెప్పేదేముందిలే అనుకున్నాను. ఆ ధీమాయే మా కొంప ముంచింది.

తలుపు జానెడు లేచింది. వాళ్లలో ఒకడు, పోలయ్య, దాని కింద ఎత్తుచెక్క దూర్చుతున్నాడు. ఇంతలో తలుపు మూల రాతిగోడకు తట్టుకుని, మోకు బిగుసుకుంది. ఆపమని అరిచాను. ఆపకపోగా, లాగుడు పాట జోరు పెంచి ఇంకా గట్టిగా లాగారు. మోకు తెగింది. తలుపు పోలయ్య కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి.

కోపంతో ఒళ్లు తెలియక అందరినీ తిట్టిపోశాను. వాళ్లలో పెద్దవాడు నూకయ్య నెమ్మదిగా అన్నాడు:

"బరువెక్కింది కదండీ మేస్త్రిగారూ. బరువెక్కితేనే కదండీ వలలో చేప ఉన్నట్టు. అప్పుడాపితే ఎలాగండి?"

నేనూ ఆ వలలు లాగి పెరిగినవాణ్ణే. ఈ కళాసీ పనిలో చేరాక, మోకు బరువెక్కితే ఆపాలని నాకు కొట్టి మరీ నేర్పారు. ఆ ఒక్కమాటా వీళ్లకు చెప్పలేదు. తప్పు నాదే.

కట్టు కట్టించుకుంటూ పోలయ్య అడిగాడు. "ఇంక వల అల్లలేనాండి?"

అల్లలేవన్నాను. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

మరుసటి వేసవి నేనే పోలయ్య ఇంటికి వెళ్లాను. లాగడానికి కాదు, ఆపడానికి రమ్మన్నాను. మూడో రోజు వచ్చాడు.

అప్పటినుంచి మోకు దగ్గర పాట మాన్పించాను. కొత్తవాళ్లకు ముడి కంటే ముందు చెప్పేది ఒక్కటే: బరువెక్కితే ఆపి, పోలయ్య వైపు చూడండి. అతను అందరికీ కనిపించేలా గట్టు మీద నిలబడతాడు. మూడు వేళ్ల ఆ చెయ్యి పైకి లేచాక, ఇన్నేళ్లలో ఒక్కరూ మోకును బెత్తెడు కూడా లాగలేదు.