వాసన చూసిన అడవిమల్లెలు

ఉగాదికి ముందు వచ్చే ఆదివారం మా భజన మండలి పెనుకొండ కొండెక్కుతుంది. దారిలో కోసిన అడవిమల్లెలతోనే పైనున్న నరసింహస్వామికి మాల కడతాం. కోసేటప్పుడు ముక్కుకు అడ్డంగా కొంగు కట్టుకోవాలి. స్వామికంటే ముందు మనం వాసన చూస్తే ఆ పువ్వు పూజకు పనికిరాదు. మండలిలో పురాణం చదివి అర్థం చెప్పేదాన్ని కాబట్టి ఈ నియమం అందరికీ గుర్తుచేసేదాన్ని నేనే.

ఆ ఏడు ధర్మవరం నుంచి ఒక అక్క వచ్చింది. మగ్గం మీద పట్టుచీరలు నేస్తుంది. కరోనాలో పోయిన వాసన ఆమెకు మళ్లీ రాలేదు.

"కూర మాడినా తెలీదు మే. అది పోనీలే. మనవరాలు పుట్టింది. దాని తల వాసన ఎట్లుంటాదో నాకు తెలీదు," అంది నాతో కొండ మొదట్లోనే. స్వామికి తన చేత్తో మాల కడితే వాసన తిరిగొస్తుందని ఆమె ఆశ.

మోదుగలకు ఒక్క ఆకు లేదు, కొమ్మ నిండా ఎర్రటి పూలే. బండల సందుల్లో కొండగోగు పసుపుపచ్చని పూలతో వెలుగుతోంది. ఎండుపుల్లల్లా ఉన్న సీతాఫలం పొదల మీదికి అడవిమల్లె అల్లుకుని విరగబూసింది. కోస్తూ కోస్తూ వెనక్కి చూశాను. అక్క కొంగు మెడమీదికి జార్చేసి, దోసిటినిండా మల్లెల్లో ముఖం దాచుకుని ఉంది.

"ఏమక్కా, ఏం చేస్తాండావు! స్వామివి గదా అవి!"

ఆమె బుట్ట లాక్కుని పూలన్నీ దారి పక్కన కుమ్మరించాను. అక్కకు కోపం రాలేదు.

"ఏమీ రాలేదు లే మే. వాసన చూసినట్టు గాదు గదా," అంది.

భక్తి గురించి ఎన్నో ఏళ్లుగా చెబుతున్న నేను దారి పక్కన కూర్చుని ఆ పూలే ఏరాను. దుమ్ము ఊది బుట్టలో వేశాను. నా ముక్కుకు కట్టిన కొంగు విప్పేశాను.

"వాసన చూడక్కా. అన్నీ చూడు."

కానుగ పూలు చూపించాను. అడవి తులసి ఆకు నలిపి ఇచ్చాను. ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపింది. ముందుపోయినవాళ్ల భజన వినబడకుండా పోయింది.

మలుపు దగ్గర మేకల మంద ఎదురొచ్చింది.

"పక్కకు జరగండమ్మా! బుట్ట భద్రం, మల్లెపూలంటే మావాటికి పాయసం!" అని కేకేశాడు కాపరి తాత.

అప్పటికే ఒక మేకపోతు బుట్టలో మూతి పెట్టింది. అక్క దాన్ని తోసి, ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ ఊపిరి పీల్చింది.

"మే... కంపు!"

"ఏం కంపక్కా?"

"పోతు కంపు మే! వస్తాండాది!"

"నిన్ననే కడిగినానమ్మా దాన్ని," అన్నాడు తాత చిన్నబుచ్చుకుని.

అక్క పోతు మెడ కావలించుకుని ఏడ్చేసింది.

మాల కట్టేముందు చేతులు కడుక్కోవాలి. అదీ నియమమే. పైకి చేరాక ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. అక్క తన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు చూసింది. నేను చెంబు తీసుకుని పక్కన పెట్టాను. ఆ చేతులతోనే ఆమె మాల కట్టింది.