నెమలి నేయనన్న పెదనాయన

ధర్మవరంలో మగ్గం మీద కూర్చోకముందు మా పెదనాయన తొమ్మిదేళ్ళు వైమానిక దళంలో మెకానిక్. నాట్ అనే చిన్న జెట్ ఫైటర్‌కు పనిచేశాడు. నిచ్చెన లేకుండా నేల మీద నిలబడే దాన్ని రిపేరు చేయొచ్చట. ఆ మాట చెబుతున్నంతసేపూ అరచేతిని భుజమెత్తున గాలిలో ఆనించి ఉంచేవాడు.

నిరుడు ఆయన పోయాడు. నాకు గుర్తొచ్చేది ఒక్క మధ్యాహ్నమే. సొంత డబ్బుతో కొన్న పట్టుతో, కొంగు నిండా ఆ విమానాలు నేసిన చీరను హిందూపురం షావుకారుకు అమ్మడానికి వెళ్ళాడు. నేనూ తోడు వెళ్ళాను.

“ఏమప్పా, పెండ్లికూతురు పీటల మీదికి పోతాదా, యుద్ధానికి పోతాదా? ఇది తీసి నెమలి పెట్టు. పది చీరలు తీసుకుంటా,” అన్నాడు షావుకారు.

ఆ నెల మగ్గానికి వేరే పని రాలేదు. పెదనాయన చీర మడిచాడు.

“నెమలికి నేను యాడా రిపేరు చేయలేదప్పా. దీనికి చేసినా.”

ఇంటికొచ్చాక సంగతంతా విని, “మరి ఇప్పుడు మగ్గం మీద ఏం నేస్తావు?” అంది పెద్దమ్మ.

“ఇంగొకటి, ఇదే.”

ఒకసారి కట్టిన చీరను ఎవరూ కొనరని పెద్దమ్మకు తెలుసు. లోపలికి వెళ్ళి ఆ చీర కట్టుకుని, బిందె తీసుకుని వీధి కొళాయికి బయలుదేరింది.