ధనుంజయ్ వడ్డించిన బంతి

మా కాశీబుగ్గలో పెళ్లి వీడియోలు కోసి అతికి మిక్సింగ్ చేసే బర్నబాకు రెండే పట్టింపులు. ఆదివారం చర్చి మానడు, పక్కవాడు చేసిన కటింగు మెచ్చడు. అతను పనిచేసే ఢిల్లేశ్వరరావుగారి స్టూడియోలో మూడు కంప్యూటర్లు, ముగ్గురు మనుషులు. ముహూర్తాల రోజుల్లో ఒకే పెళ్లిని ముగ్గురూ పంచుకోవాలంటే హార్డ్ డిస్కు విప్పి ఒకదాన్నుంచి ఇంకోదానికి మోసుకెళ్లడమే. రెండువేల ఏడులో బర్నబా ఆ బాధ తప్పించాడు. నాలుగు డిస్కులు ఒక డబ్బాలో బిగించి, మూడు కంప్యూటర్లకూ వైర్లు లాగాడు. ఇక పెళ్లంతా డబ్బాలోనే ఉంటుంది, ముగ్గురూ ఒకేసారి చూస్తూ కోసుకోవచ్చు. టెక్కలి, సోంపేట స్టూడియోలవాళ్లు వచ్చి చూసి, మాకూ పెట్టమని వెంటపడ్డారు. బర్నబాకు కాస్త గర్వం తలకెక్కింది. ఎక్కదా మరి!

డిస్కులు కలపడానికి రెండు దారులున్నాయి. ప్రతిదానికీ నకలు ఉంచుకోవచ్చు, కానీ సగం చోటు దానికే పోతుంది. లేదా నాలుగింటినీ ఒకటి చేసి మొత్తం వాడుకోవచ్చు. పని చకచకా సాగుతుంది, కానీ ఒక్కటి చెడితే నాలుగూ గోవిందా. ఈ సంగతి బర్నబా ముందే చెప్పాడు.

"సగం సోటు ఊరికే ఒగ్గేత్తావేటి? కెమెరా టేపులున్నాయి కదా!" అన్నారు ఢిల్లేశ్వరరావు.

ఉంటే కదా! డబ్బా వచ్చాక అందరికీ ధీమా పెరిగింది. డబ్బాలోకి ఎక్కించిన టేపును, దాని మీదే మరో పెళ్లి తీయడానికి వెంటనే పంపేసేవారు. బర్నబా చూస్తూనే ఊరుకున్నాడు.

మరుసటి వేసవిలో కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి ఒక డిస్కు కాలిపోయింది. విశాఖపట్నం పట్టుకెళ్తే అక్కడివాళ్లు లోపలివి ఇక రావని పెదవి విరిచారు. సీడీలు ఇచ్చేసిన పెళ్లిళ్లే కదా అని ఎవరూ పెద్దగా బాధపడలేదు.

వానలు పడుతుండగా ఉద్దానం నుంచి జగదాంబ వచ్చింది. కిడ్నీ జబ్బుతో కొడుకు ధనుంజయ్ పోయి నెల కాలేదు. ఇంట్లో మిగిలిన ఫొటోలన్నీ ఆస్పత్రి కార్డుల మీదివే.

"నేస్తుడి పెళ్లిలో సాంబారు ఒడ్డించినాడు బాబూ. ఆ సీడీలో ఎతికినాను, నేదు. మీకాడ ఉంటాదన్నారు. కళ్లు మూసుకుంటే ఆ ఎండిపోయిన మొకవే ఒత్తంది. ముందరి మొకం ఒక్కసారి సూపించు."

బర్నబాకు గుర్తుంది. భోజనాల బంతి వీడియోల్లో ఉంచరు. నోటినిండా అన్నంతో కనిపిస్తే చుట్టాలు గొడవకొస్తారు. ఆ బంతి మొత్తం కోసింది బర్నబాయే. కోసేముందు ధనుంజయ్‌ని ముగ్గురూ మూడు తెరల మీద మళ్లీ మళ్లీ వేసుకుని నవ్వుకున్నారు.

"ఉండేదమ్మా. డబ్బా కాలిపోనాది. టేపు మీద ఏరే పెళ్లి ఎక్కించేసినాం. నకలు ఉంచకపోడం నా తప్పే" అన్నాడు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత నాతో అన్నాడు. తిట్టలేదు.

"నువ్వు సూసినావు కదా. సెప్పు."

చెప్పాడు. ధనుంజయ్ సాంబారు బకెట్టు పట్టుకుని వచ్చాడు, కెమెరా ముందుకి గరిటె చాపి 'నీకూ ఎయ్యాలేటి?' అన్నాడు, అందరూ నవ్వితే తనూ నవ్వాడు.

"అప్పుటికి బుగ్గలున్నాయా?"

"నిండుగా ఉన్నాయమ్మా."

జగదాంబ కళ్లు మూసుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"బుగ్గలున్న మొకం రాట్నేదు బాబూ. ఆ మొకవే ఒత్తంది" అని లేచి, బస్సుకి వెళ్లిపోయింది.