కర్పూరం రోడ్డవతల

కార్వాన్ బస్తీలో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే మొగులయ్యకు భక్తి లేదని పేరు. నుదుట విబూది లేనిదే షట్టర్ ఎత్తడు గానీ, దుకాణంలో అగరుబత్తి వెలిగించడు, ఎవరినీ వెలిగించనివ్వడు. ఛార్జింగ్ అయ్యే బ్యాటరీలోంచి కంటికి కనబడని గ్యాస్ వస్తుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కనబడని దేవుణ్ణి నమ్మే బస్తీ ఈ గ్యాసును మాత్రం నమ్మదు.

ఆ గురువారం పొద్దున బేగంబజార్ గిన్నెల వ్యాపారి ప్రేమ్‌రాజ్ సేఠ్ కారు బ్యాటరీ తెచ్చాడు. ఆయన ఆరు ట్రాలీ ఆటోల బ్యాటరీలూ ఇక్కడికే వస్తాయి. మొగులయ్య ఇల్లు గడిచేది వాటిమీదే.

మొగులయ్య కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది మైనస్‌కు తగిలించాడు. ఆ తర్వాతే స్విచ్ వేశాడు. సేఠ్ చూద్దామని దగ్గరికి వచ్చాడు.

"ఉంగరాలు తీసి రాండ్రి సేఠ్ సాబ్. ప్లస్‌కు మైనస్‌కు నడుమ తగిల్తె ఏలు కాల్తది."

"గుడిల గూడ గిన్ని అడగరు గదనయ్యా," అంటూ సేఠ్ జేబులోంచి కర్పూరం తీశాడు. "రెండుసార్లు ఆగింది బండి. దిష్టి. ఒక్క హారతి ఇస్త."

"ఈడ వద్దు."

"దేవునికే వద్దంటవా? నా బండ్లన్ని వేరే దుకాణంకు పంపాల్నా ఏంది?"

మొగులయ్య ఆరు ఆటోల లెక్క మనసులో వేసుకున్నాడు. అయినా కర్పూరానికి అడ్డం పెట్టిన చెయ్యి తీయలేదు.

అంతలో వీధి దుకాణాలకు లోబాన్, అంటే సాంబ్రాణి, పొగ వేసే బబ్లూ భాయ్ నిప్పుల గిన్నెతో వచ్చి, రోడ్డవతల కరెంటు స్తంభం దగ్గరే ఆగాడు. నెమలీకల కట్టతో పొగను ఇటు విసిరాడు.

"లోపలికి రావేంది భాయ్?" అన్నాడు సేఠ్.

"చేతిల నిప్పులున్నయి సేఠ్. దువా రోడ్డు దాటుతది, నిప్పులు దాటొద్దు. నువ్వు గూడ ఈడికే రా, జాగ ఇస్త."

సేఠ్ మూతి ముడుచుకునే రోడ్డు దాటాడు. స్తంభం మొదట్లో కర్పూరం వెలిగిస్తే, గాలికి ఆరకుండా బబ్లూ భాయ్ గిన్నె కింద పెట్టి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

సాయంత్రం మొగులయ్య స్విచ్ ఆపి, క్లిప్పులు తీసి, బ్యాటరీ ఇచ్చాడు. బిగించాక కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. స్తంభం మహిమ అని సేఠ్ బేగంబజార్ అంతా చాటాడు.

వారం తిరిగేసరికి స్తంభానికి పసుపు కుంకుమలు పడ్డాయి. మొగులయ్యకు గిరాకీ పెరిగింది.

"అన్నా, కంబం కాడ మొక్కినంక ఈడ గ్యాస్ రాదంట గద?" అని ఒక ఆటో ఆయన స్తంభం వైపు చూపిస్తూ అడిగాడు.

"వస్తది. మంచిగ వస్తది," అన్నాడు మొగులయ్య. "ఆ బీడీ గూడ కంబానికే సమర్పించి రా."