ఎర్రమూత

ముందు తాళాల గుత్తి గలగల వినిపించేది. వరండా మలుపులో ఆ చప్పుడు పుట్టగానే ఆసుపత్రి మొత్తం తన ఎర్రవస్తువులు దాచుకునేది. పిల్లల కళ్ల డాక్టరమ్మకి ఎర్రది కనబడితే చెయ్యి ఆగదు. క్యాంటీన్ గరిటె, తోటమాలి మగ్గు, సూపరింటెండెంటు గారి పేపర్‌వెయిట్ అన్నీ ఆవిడ కోటు జేబులోకి అస్తమించినవే.

ఆ వారమే చేరిన నర్సు, తోటివాళ్లు చెప్పగా, తన ఎర్రగొడుగుని బీరువా వెనక దాచింది. క్యారేజీకున్న ఎర్రమూత సంగతి మరిచిపోయింది.

"మేడమ్, నా మూత చూశారా?"

"చూడకపోతే ఎలా తీస్తానమ్మాయ్? కడిగి మరీ తీశాను."

అంతలో పువ్వుల చీర కట్టుకున్న ఒక తల్లి, పదకొండు నెలల పాపనెత్తుకుని వచ్చింది.

"నలుగురికి చూపించామమ్మా. కళ్లు బంగారంలా ఉన్నాయన్నారు. పిలిస్తే నవ్వుతుంది. నా మొహంకేసి మాత్రం చూడదు. పొగరంటారు మా అత్తగారు. నేనంటే ఇష్టం లేదేమోనని నాకు..."

"పొగరంతా మీ అత్తగారి దగ్గరే ఉంటే పిల్లకెక్కడ మిగిలింది తల్లీ?"

డాక్టరమ్మ తాళాలు తీసి నర్సు చేతిలో పెట్టింది. గాజులూ తీసింది. నల్లకోటు తొడుక్కుని నల్లతెర ముందు కూర్చుంది. చప్పుడైతే పిల్ల అటు తిరుగుతుంది, చూసిందనుకుంటారు అందరూ. గంటకి వెయ్యి మాటలాడే మనిషి రాయిలా మౌనమైపోయింది. మూత ఒక్కటే గాలిలో మెల్లగా కదిలింది.

ఒక నిమిషం. రెండు. ఐదు. నర్సు తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట బిగించింది.

పాప చూపు, ఎక్కడెక్కడో తిరిగొచ్చిన తూనీగలా, మూత అంచున వాలింది. అది కదిలినవైపే చూపూ కదిలింది.

"కళ్లలో లోపం లేదు. కన్ను పంపినదాన్ని మెదడు పోల్చుకోలేకపోతోంది. ఇన్ని పువ్వుల మధ్య నీ మొహం ఎక్కడని వెతుక్కుంటుంది చెప్పు? ఒక్క వస్తువు, ఒక్క రంగు, బోలెడు ఓపిక. ఎంతవరకో ఇప్పుడే చెప్పలేను గానీ, చూడటం నేర్చుకుంటుంది."

తల్లికి నల్లశాలువా కప్పి, మాట్లాడవద్దని సైగ చేసి, మూతని ఆమె చెంప పక్కన పట్టుకుంది. పాప మూతని చూసింది. ఆ తర్వాత, దీపం వెలుగులో గుమ్మం దొరికినట్టు, పక్కనున్న మొహాన్ని చూసింది. తల్లి రెప్ప వేయలేదు.

డాక్టరమ్మ మూతని వాళ్ల సంచిలో సర్దేసింది. పిల్ల మొదట దేన్ని చూస్తే అది ఆ పిల్లదే. క్యాంటీన్ గరిటె ఎక్కడికి పోయిందో నర్సుకి అప్పుడర్థమైంది. టోపీ కింద జడకున్న ఎర్ర రిబ్బను విప్పి అందించింది.

"ఇదీ ఉంచండి మేడమ్."

డాక్టరమ్మ దాన్ని జేబులో వేసుకుని, తాళాలు గలగలలాడించుకుంటూ గుమ్మందాకా వెళ్లి ఆగింది.

"రేపొక బాబు వస్తున్నాడు. వాడి కంటికి రిబ్బను ఆనదు. బీరువా వెనక దాచావే, ఆ గొడుగు కాస్త దులిపి ఉంచు."