పాత కంప్యూటరుకి కొత్త పూత

మా తాతయ్య రంగుల మేస్త్రి. ఆయన రంగులేసిన ఇళ్లన్నీ ఒకచోట చేరిస్తే చిన్న ఊరవుతుంది. మా ఇంటికి మాత్రం వెయ్యలేదు. అడిగితే "తీరికేదే?" అనేవాడు. నిచ్చెన మీంచి పడి తుంటి విరిగాక బోలెడు తీరిక దొరికింది గానీ, నిచ్చెన ఎక్కే కాలు పోయింది.

అప్పుడే పక్కింటివాళ్లు పారెయ్యబోయిన కంప్యూటరు మా ముందుగదిలోకి వచ్చింది. తాతయ్య మౌసుని బ్రష్షులా పట్టుకుని, ఇళ్ల ఫోటోల మీద రంగులు పులమడం నేర్చుకున్నాడు. ఒకప్పుడు ఆయన వెనక డబ్బాలు మోసిన శిష్యుడు ఇప్పుడు పెద్ద కాంట్రాక్టరు. కొత్తగా రంగులు వేయించుకునేవాళ్లని వెంటబెట్టుకొచ్చేవాడు. వాళ్ల ఇంటి గోడల్ని తాతయ్య తెర మీద ఓసారి నీలం చేసేవాడు, ఓసారి పసుపు. వాళ్లు ఊఁ అన్న రంగే గోడెక్కేది. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆయన మేస్త్రి. లేచాడా, చేతికర్ర పట్టుకున్న ముసలాయన.

కొన్నాళ్లకి కంప్యూటరు మరీ నెమ్మదించింది. మీట నొక్కి, వెళ్లి స్నానం చేసి, జడేసుకుని వచ్చినా ఇంకా ఆవులిస్తూనే ఉండేది. "రేపు ఒక దంపతుల్ని తీసుకొస్తున్నా" అని శిష్యుడు కబురు పెట్టేసరికి తాతయ్యకి కంగారు పుట్టింది. కంప్యూటరుతో పాటు వచ్చిన డిస్కు తీయించి, విండోస్ మళ్లీ మొదట్నుంచీ వేద్దామన్నాడు.

తెర మీది ఇంగ్లీషు చదవడం నా వంతు. పదో తరగతిలో లెక్కలూ నేనూ విడిపోయాం గానీ, అక్షరాలు కూడబలుక్కోగలను. అర్థం కావడమంటారా, అది వేరే సంగతి.

"పాతది ఉంచి దానిమీదే వెయ్యాలా, అంతా చెరిపేసి వెయ్యాలా అని అడుగుతోంది తాతయ్యా."

"పాత పూత మీద కొత్త పూత వేస్తే పెచ్చులూడుతుందే పిల్లా. గీకెయ్. గోడ కనబడేదాకా గీకెయ్."

గీకేశాను. తెర మీద గీత ముప్పాతిక దాకా పాకి ఆగిపోయింది. ఫైలు కాపీ కావడం లేదంది. మళ్లీ మొదలెడితే మళ్లీ అక్కడే ఆగింది. ఇప్పుడు పాతదీ లేదు, కొత్తదీ రాలేదు.

"ఏదో తప్పు చదివుంటావ్."

"నేను తప్పు చదివితే నీకు అర్థం కాదు గానీ, దానికేం పట్టింది ఆగడానికి?"

డిస్కు తుడిచాం. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాం. పెట్టె విప్పి నేను ఊదిన దుమ్ముకి తాతయ్య తుమ్మాడు, తిట్టాడు, మళ్లీ తుమ్మాడు. గీత మాత్రం అక్కడే ఆగింది. ఇక లాభం లేదని వీధి చివర మెకానిక్కుని పిలుచుకొచ్చాను. అతను డాక్టరులా పెట్టెకి చెవి ఆనించాడు. లోపల టక్, టక్ మంటోంది.

"మీరు వేసిన డిస్కు తప్పు కాదు పెద్దాయనా. లోపల హార్డ్ డిస్కు పోయింది. అందుకే నెమ్మదించింది. చెరపకుండా ఉంటే కుంటుతూనైనా ఇంకొన్నాళ్లు నడిచేదేమో."

"కొత్తది పెట్టు."

"ఇంత పాతదానికి సరిపడేవి ఇప్పుడు రావడం లేదండీ."

అతను వెళ్లాక కూడా తాతయ్య ప్రయత్నం మానలేదు. మర్నాడు శిష్యుడు ఆ దంపతులతో వచ్చేసరికి గీత మళ్లీ పాకుతోంది.

"కూర్చోండమ్మా. ఒక్క క్షణం, అయిపోతుంది" అన్నాడు తాతయ్య, వచ్చినావిడకి కుర్చీ చూపిస్తూ.

ఆవిడ మంచి మనిషే. "మీరేం శ్రమపడకండి. రంగు మొన్ననే ఎంచుకున్నాంగా, ఈ కాంట్రాక్టరుగారు ఫోన్లో చూపించారు. పెద్దాయన్ని ఒకసారి పలకరించి వెళ్దామంటే వచ్చాం" అంది.

శిష్యుడు మా ఇంటి కప్పు కేసి చూడటం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు తాతయ్య.

"అంటే మేస్త్రీ... ఫోన్లో అయితే వేలితో తాకితే చాలు, మారిపోతోంది. చాన్నాళ్లే అయింది."

"మరి ఇంతమందినీ ఇక్కడికెందుకు తిప్పావు?"

శిష్యుడు చేతిలోని ఫోనుని అటూ ఇటూ తిప్పాడు. నాకు అతన్ని తిట్టాలనిపించింది, ఏమని తిట్టాలో తెలియలేదు. మమ్మల్ని మోసం చేసింది కూడా ప్రేమతోనే కదా.

తాతయ్య ఫోను అడిగి తీసుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరికి తెచ్చి చూశాడు. లేత ఆకుపచ్చ గోడలు, తెల్లటి కిటికీలు. "బాగుందమ్మా" అన్నాడు. అది అబద్ధమైనా బాగుండేది. నిజంగానే బాగుంది.

వాళ్లు వెళ్లిపోయారు. గీత అప్పటికే తన చోటుకొచ్చి ఆగి ఉంది. నేను ప్లగ్గు పీకబోయాను.

"ఉండవే. ఇంకోసారి పెట్టు."

"ఎక్కడ ఆగుతుందో తెలుసుగా తాతయ్యా."

"తెలుసు. అక్కడిదాకా నడుస్తుందిగా."

పెట్టాను. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ గీతకి ఏ పనికీ రాని మౌసు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.