కారు నీళ్ళ గోలెం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా మంచి నీళ్ళు తాగింది కారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మనుషులం బోరింగు నీళ్ళు తాగేవాళ్ళం, కారు వాన నీళ్ళు తాగేది. అందులో వింత ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

మర్రిగూడ పక్కన మెట్ట పొలాల మధ్య ఉంటుంది మా ఊరు. అప్పట్లో సైకిలు ఉన్నవాడే మా ఊళ్ళో గొప్పవాడు. అలాంటి ఊరికి రెండే సీట్లున్న విదేశీ కారు ఒకటి వచ్చి పడింది. నేలను రాసుకుంటూ పోతుందా అన్నంత పొట్టిగా, ముక్కు మాత్రం బారెడు పొడుగ్గా ఉండేది. దాన్ని తెచ్చినవాడు మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. ఆయన వయసులో ఉండగా హైదరాబాదులో ఒక నవాబు కుటుంబం దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆ కుటుంబం తమ దేవిడీ బంగళా ఖాళీ చేసి పోతూ, షెడ్డులో ఎలుకలు గూళ్ళు పెట్టుకున్న ఈ పందెపు కారును నువ్వే తీసుకుపొమ్మని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని లారీ వెనక తాళ్ళతో కట్టించుకుని ఊరికి తెచ్చాడు. కొడుకు పాడిబర్రెను తోలుకొస్తాడని వాకిట్లో ఎదురుచూస్తున్న మా అవ్వ, ఇది పాలిస్తుందా పేడ వేస్తుందా అని అడిగిందట.

పాలూ లేవు, పేడా లేదు, చాకిరీ మాత్రం బోలెడు. ఆ కారుకు సామాన్లు ఎక్కడా దొరికేవి కావు. అందుకని పెద్దబాపు దేనిదో తెచ్చి దీనికి అమర్చేవాడు. ముందు దీపాలు లారీవి. హారను రబ్బరు బుడ్డిది. మా బాటల్లో రాళ్ళు దాని పొట్టకు తగులుతున్నాయని, కమ్మరితో జీపు పట్టీలు కోయించి స్ప్రింగుల కింద కలిపి దాన్ని జానెడు పైకి లేపాడు. సీట్ల తోలు పగలకుండా మా చేని ఆముదమే పట్టించేవాడు. పైకప్పు గుడ్డ చివికిపోతే టార్పాలిన్ తెచ్చి, ఒక చలికాలమంతా అరుగు మీద కూర్చుని, చెప్పులు కుట్టే ఆరెతో తానే కొత్త కప్పు కుట్టాడు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని మా నాన్న విసుక్కునేవాడు. పెద్దబాపుకు పిల్లలు లేరు. మా పెద్దమ్మ ఆ కారును సవతి అనేది. సవతికి ముద్దలు పెట్టడం అయితే వచ్చి మీరూ తినండి అని మధ్యాహ్నం పూట కేకేసేది. ఆ మాటలో కోపం ఉండేది కాదు.

ఇక నీళ్ళ సంగతి. మా బోరింగు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది. అవే కారు రేడియేటరులో పోస్తే గొట్టాలు పూడుకుపోయి ఇంజను ఉడికిపోతుందని పెద్దబాపుకు తెలుసు. అందుకే పెంకుటింటి చూరుకు రేకు కాలువ కట్టి, వాన నీళ్ళన్నీ పెరట్లోని రెండు పెద్ద గోలేల్లోకి, అంటే నీళ్ళ తొట్లలోకి మళ్ళించాడు. వాటికి చెక్క మూతలు, మూతలకు తాళాలు. అవి కారు నీళ్ళు. ఒకసారి మా నాన్న పొలం నుంచి వచ్చి ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటే అన్నదమ్ములకు రెండు రోజులు మాటల్లేవు. తాగుదామన్న ఆలోచనైతే ఎవరికీ లేదు. వాన నీళ్ళు చప్పగా ఉంటాయి, దూప తీరదు, పడిశం పడుతుంది అని మా ఊళ్ళో గట్టి నమ్మకం. బోరింగు నీళ్ళకు రుచి ఉండేది. రుచి ఉన్నవే మంచి నీళ్ళు అనుకున్నాం.

ఆ రుచే మమ్మల్ని తినేసింది. మా పిల్లల పళ్ళ మీద పసుపు చారలు. మా అవ్వ మెడ బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషి మనిషంతా తిరిగేది. ముసలితనం అనుకునేవాళ్ళం. కానీ నాలుగేళ్ళ మా చెల్లెలికి కాళ్ళు దొడ్డికాళ్ళుగా వంగడం మొదలైనప్పుడు ముసలితనం అనుకోవడం కుదరలేదు. ఎడమ కాలు మరీ వంగింది. ఆడుకుంటూ ఆడుకుంటూ కూర్చుండిపోయేది. రాత్రుళ్ళు అమ్మ దాని కాళ్ళకు నూనె రాస్తూ ఏడ్చేది. ఈ పిల్ల రేపు నడుస్తుందా లేదా అన్న ఒక్క దిగులే ఇంట్లో పొద్దున లేస్తే ఉండేది.

పెద్దబాపు చెల్లెల్నీ అమ్మనూ కారులో కూర్చోబెట్టుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. నేను ఏడ్చి గోల చేస్తే అమ్మ కాళ్ళ దగ్గర ఇరికించారు. డాక్టరు చెల్లెలి పళ్ళు చూశాడు, కాళ్ళు నొక్కి చూశాడు, ఏ ఊరని అడిగాడు. ఊరి పేరు వినగానే చీటీ మీద రాస్తున్న కలం ఆపి, మందు కన్నా ముందు నీళ్ళు మార్చండి అన్నాడు. అమ్మ అక్కడే నీరుగారిపోయింది. నీళ్ళు మార్చాలంటే ఊరే మారాలి. చుట్టూ ఏ ఊరికి పోయినా అవే నీళ్ళు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, సరిగ్గా అదే మా కథ. పెరట్లో రెండు గోలేల నీళ్ళున్నాయి, దారి పొడుగునా మేము నీళ్ళెక్కడ దొరుకుతాయని బాధపడుతూ వచ్చాం.

తిరిగి వస్తుంటే కారు ఉడికిపోయింది. ముక్కులోంచి ఆవిరి బుస్సుమని లేచింది. గోలేలు సగానికి దిగినందుకు వానల దాకా పొదుపు చేద్దామని, పెద్దబాపు అంతకుముందు కొన్నాళ్ళు రేడియేటరులో బోరింగు నీళ్ళే పోశాడు. ఆ పొదుపు ఇలా బయటపడింది. ఆగి, చల్లార్చి, మళ్ళీ నడిపి, ఎలాగో ఇల్లు చేరాం.

తెల్లారి ఆయన వేపచెట్టు కింద గోనెసంచి పరిచి, రేడియేటరు విప్పి దాని మీద పెట్టాడు. ఇత్తడి గొట్టాల్లో సన్నటి తీగ పెట్టి పొడుస్తుంటే తెల్లటి పెళ్ళలు రాలుతున్నాయి. సున్నం గోడ పెచ్చులూడినట్టు. నేనూ చెల్లెలూ పక్కనే కూర్చుని ఆ పెళ్ళలతో గవ్వలాట ఆడుతున్నాం. అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత ఒంగలేక ఒంగి ఒక పెళ్ళ తీసుకుని వేళ్ళతో నలిపింది. నీళ్ళల్లదేనా ఇది అని అడిగింది. పెద్దబాపు తల ఎత్తకుండానే అవునన్నాడు. అవ్వ చెల్లెలి వైపు మనిషి మనిషంతా తిరిగింది.

"ఇత్తడి గొట్టాలల్లనే గింత పేరింది. గీ పోరి బొక్కలల్ల ఎంత పేరిందో ఎవలు ఇప్పి సూడాలె బిడ్డా?"

పిల్ల ఎముకల మాట వినగానే పెద్దబాపు చేతిలో తీగ ఆగిపోయింది. ఆయన రేడియేటరును చూశాడు. చెల్లెలి కాళ్ళను చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. కోపం కాదు, ఏడుపు కాదు, సిగ్గు. ఇనుముకు ఏ నీళ్ళు మంచివో ఇన్నేళ్ళుగా తెలిసిన మనిషి, పిల్లకు ఏవి మంచివో ఒక్కసారైనా అడగలేదు. లేచి పెరట్లోకి పోయాడు. తాళాలు రెండూ తీసి మూతలు పక్కన పెట్టాడు. చెంబుతో ముంచుకొచ్చి చెల్లెలి ముందు కూర్చుని, తాగు అన్నట్టు చెంబు దాని నోటికి పెట్టాడు. అది ఒక గుక్క తాగి చప్పగా ఉన్నాయని ఉమ్మేసింది. బెల్లం ముక్క చేతిలో పెట్టి మళ్ళీ తాగించాడు.

మా అమ్మ ఎన్నడూ బావ ఎదుట నిలబడి మాట్లాడేది కాదు. ఏదైనా కావాలంటే పెద్దమ్మతో చెప్పించేది. ఆ రోజు మాత్రం తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది.

"మరి బండికెట్ల బావా?"

"బండి ఆగితే దిగి నూకుతం. పోరి ఆగితే ఏం నూకుతం?" అన్నాడు పెద్దబాపు.

అంతే. ఆ రోజు నుంచి నీళ్ళు తారుమారయ్యాయి. కారు తాగే నీళ్ళు చెల్లెలు తాగింది, దాని అన్నమూ వాటితోనే వండారు. మేము తాగే నీళ్ళు కారు తాగింది. గోలేనికి తాళం మళ్ళీ పడింది, కానీ తాళంచెవి అమ్మ కొంగుకు చేరింది.

ఇక పెద్దబాపు చాకిరీ చెప్పనక్కర్లేదు. ప్రతి అమాసకూ రేడియేటరు విప్పేవాడు. పెద్దమ్మ పులుసు పిసికిన చింతపండు పిప్పి నెలంతా దాచిపెడితే, దాన్ని ఉడకబెట్టి ఆ నీళ్ళు గొట్టాల్లో నింపి ఒక పగలంతా నానబెట్టేవాడు. ఇత్తడి చెంబులకు పనికొచ్చింది దీనికి పనికిరాదా అని పెద్దమ్మే చెప్పిందట. సవతికి పులుసు వండుతున్నాను అని ఆవిడే నవ్వేది. ఇంత చేసినా ఎక్కడో ఒకచోట కారు ఉడికేది. బాట మీద ఆగిపోయేది. పొలాల్లో ఉన్నవాళ్ళు పరాచికాలాడుతూ వచ్చి నూకి పెట్టేవాళ్ళు. కారంటే ప్రాణం పెట్టే మనిషి, దాన్ని పదిమంది నవ్వుతూ నూకుతుంటే తానూ నవ్వుతూ స్టీరింగు పట్టుకునేవాడు.

మరుసటి వానాకాలం తొలి వాన కురిసిన రోజు ఇంకో పని చేశాడు. చలికాలమంతా కూర్చుని కుట్టిన ఆ టార్పాలిన్ కప్పును కారు మీంచి విప్పేశాడు. నాలుగు గుంజలు పాతి, వాకిట్లో దాన్ని పరిచి కట్టి, మధ్యలో రాయి వేసి కిందికి దించాడు. వాన ఆ గుంటలోకి జారి కింద పెట్టిన కాగుల్లో పడింది. ఇంటి చూరు నీళ్ళు చెల్లెలికి సరిపోతాయి, ఇవి పక్కిళ్ళ పిల్లలకు. అమ్మలక్కలు మొదట పడిశం పడుతుందని ముక్కు విరిచారు. చెల్లెలికి పడిశం పట్టకపోవడం చూసి ఒక్కొక్కరే బిందెలు పట్టుకొచ్చారు. కారు మాత్రం ఆ వానాకాలం, తర్వాతి వానాకాలాలు అన్నీ తడుస్తూనే తిరిగింది. ఊళ్ళో దానికి మూతలేని కారు అని పేరు పడింది.

తర్వాత నేను చదువుకుని, టీచరునై, పిల్లలకు పాఠాలు చెప్పేటప్పుడు తెలిసింది. రేడియేటరులో పేరుకునే తెలుపు వేరు, ఎముకలను వంచేది వేరు. అది సున్నం లాంటిది, కంటికి కనిపిస్తుంది. ఇది ఫ్లోరైడు, కనిపించదు. అంటే అవ్వ వేసిన లెక్క తప్పు. తప్పు లెక్కతోనే సరైన గోలెం దగ్గరికి చేర్చింది. ఈ సంగతి ఆమె బతికుండగా నాకు తెలిసినా చెప్పేదాన్ని కాదు.

చెల్లెలి కాళ్ళు కర్రల్లా తిన్నగా కాలేదు, అబద్ధమెందుకు. వంగడం ఆగింది. ఏళ్ళ మీద కొంత సర్దుకుంది. నడిచింది, బడికి నడిచింది, బస్సెక్కింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని తిరిగింది. పెద్దబాపు కారు నడపడం మాత్రం నాకు కాకుండా ముందు దానికి నేర్పాడు. పెద్దదాన్ని నేనుండగా దానికేమిటని నేను మూతి ముడుచుకుంటే, క్లచ్ బరువుంటుంది, తొక్కితే కాలికి సత్తువ వస్తుంది అన్నాడు. నాకు రేడియేటరు విప్పడం నేర్పాడు. ఆ పంపకమే ఈనాటికీ నడుస్తోంది.

ఆయన పోయాక కారు నల్లగొండలో మా ఇంటికి వచ్చింది. బోల్టులు బిగించడం, కార్బొరేటరు కడగడం, నూనె మార్చడం నా పని. మోకాళ్ళ నొప్పులని పిల్లలు వద్దంటారు, నేను వినను. తెలంగాణ వచ్చాక మా ఊళ్ళో కూడా నల్లాల్లో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. రేడియేటరులో ఇప్పుడు డబ్బాల్లో దొరికే కూలెంటు పోస్తున్నాను. మనవడు ఫోనులో వీడియోలు చూసి కొత్త రకం ఇగ్నిషన్ పెడదామంటే పెట్టించాను, సుఖంగా ఉంది. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చి చూస్తుంటారు. జీపు పట్టీలు తీసెయ్యాలంటారు, దీపాలు మార్చాలంటారు, విదేశాల నుంచి అసలైన కప్పు తెప్పిస్తామంటారు. దీని అసలు రూపం చెడిపోయిందని మొన్నొకాయన చాలా నొచ్చుకున్నాడు. ఆయనకు టీ ఇచ్చి పంపించాను. దీని అసలు రూపం నేను చూశాను, తాళం వేసిన గోలెం పక్కన ఉండేది. నాకు ఈ రూపమే నచ్చింది.

వస్తువును ప్రేమించడం తప్పని పెద్దబాపు నాకు నేర్పలేదు. చచ్చేదాకా ఆయనా ప్రేమించాడు. కానీ నాకు దేని మీదైనా మనసు పడినప్పుడల్లా, ఇంట్లో ఎవరి నోటికి అందకుండా దీనికి పెడుతున్నానా అని ఒకసారి చుట్టూ చూసుకుంటాను. కొన్నిసార్లు ఏమీ కనిపించదు. కొన్నిసార్లు కనిపిస్తుంది, అప్పుడు సిగ్గుపడి లేస్తాను.

ఏటా వానలకు ముందు ఇంజను పనంతా అయ్యాక చెల్లెలికి ఫోను చేస్తాను. అరవై దాటింది, జుట్టు నెరిసింది. వచ్చి స్టీరింగు ముందు కూర్చుంటుంది, నేను పక్క సీట్లో కూర్చుంటాను. ఆ క్లచ్ మా అబ్బాయి గట్టిగా తొక్కితే రెండు వీధులు పోయేసరికి కాలు లాగుతోందంటాడు. చెల్లెలు ఎడమ కాలితో దాన్ని నేలదాకా తొక్కి, గేరు వేసి, మెల్లగా వదులుతుంది. బాట ఎలా ఉందో, ఎదురుగా ఎవరొస్తున్నారో అది చూసుకుంటుంది. నేను ఆ కాలునే చూస్తూ కూర్చుంటాను.